రెండు రోజుల్లో ఏడు చోట్లు

ఒసాకా,
ఆదివారం ఉదయం.

చి.ల.సౌ. పద్మకు,

అమ్మ ఆశీర్వదించి రాయునది. నేను క్షేమం. చలికి రెండు స్వెట్టర్లు వేస్తున్నాను. మోకాలు, బీపీ చెప్పిన మాట వింటున్నాయి. నరసరావుపేటలో నువ్వు, అల్లుడుగారు కులాసాయేనా? మిరప కోతలు ఎంతవరకు వచ్చాయి?

నీ కూతురు బాగుందని ఫోనులో చెబితే, "దాని ముందు ఇంకేం చెప్తావులే అమ్మా" అన్నావు. నిజమే, దాని ఇల్లంతా ఒక్క గదే. అందుకని రాస్తున్నాను.

ఆరు నెలలుగా కీర్తన గొంతు తగ్గించి మాట్లాడుతోందని, ఏదో దిగులు దాస్తోందని కుమిలిపోయి నన్ను పంపావు. నేనూ అలాగే అనుకున్నాను. మన ఇంట్లో గొంతు తగ్గిందంటే జ్వరమైనా ఉండాలి, అలకైనా ఉండాలి.

అది పనిచేసే వృద్ధుల హోములో దొరికిన సెలవు రెండు రోజులే. వాటికి ఏడు చోట్లు రాసిపెట్టింది. కోట, ఎర్ర గుమ్మాల గుడి, వెదురు తోపు, ఇంకా ఏవేవో. ఎర్ర పెన్నుతో లెక్క వేశాను. రైళ్ళలో పదకొండు గంటలు, చూసేది ఐదు.

"ఇది యాత్రా, కండక్టరు డ్యూటీనా?" అన్నాను.

"ఇంత దూరం పోయి ఏం చూశావంటే ఏం చెప్తావు అమ్మమ్మా?" అంది, అదీ గుసగుసగానే.

"నిన్ను చూశానని చెప్తా."

ఆరు కొట్టేసి, పక్క ఊరు నారాలోని పెద్ద బుద్ధుణ్ణి ఉంచాను. నాగార్జునకొండ దగ్గర పుట్టినదాన్ని, ఆయనను వదిలి ఎలా వస్తాను? మిగిలిన సమయం దాని రోజువారీ బతుకు చూడటానికి. నిమిషాలతో సహా టైంటేబులు రాశాను.

మొదటిరోజు కూరగాయల కొట్టామె దీన్ని చూసి నవ్వి, ఒక ముల్లంగి ఎక్కువ వేసింది. దాని హోము చూడబోతే, అక్కడ ఒక ముసలావిడ దీని చెయ్యి వదలలేదు. వంట చేసుకుంటోంది, నీ గోంగూర సీసా అడుగంటా గీకేసింది. అయినా గొంతు మాత్రం లేవలేదు. నా మనసు కుదుటపడలేదు.

రెండోరోజు నారా. అక్కడ జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. బుద్ధుడికి ఎన్ని నిమిషాలు ఇచ్చానో చూద్దామని కాగితం విప్పాను. వెనకనుంచి ఒక జింక లాగేసుకుంది.

"అమ్మమ్మోయ్! టైంటేబులు తింటందే! ఒసేయ్, వదలవే! నీ దుంపతెగ!"

పద్మా, మిరపచేను అవతలి గట్టు నుంచి కూలీలను పిలిచే గొంతు! జనమంతా తిరిగి చూశారు. కీర్తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇట్టా అరిచి చానా రోజులైంది అమ్మమ్మా. మా గోడలు అట్టముక్కలు. పక్కింటి తాత దగ్గినా వినపడతది. కొత్తలో అమ్మతో మాట్లాడుతుంటే, మెల్లగా మాట్లాడమని తలుపుకు చీటీ అంటించి పోయాడు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"ఏం చెప్పేది? మెల్లగా మాట్లాడవే అని చిన్నప్పటినుంచీ తిట్టింది నువ్వేగా!"



కాగితం పోయింది కనుక బుద్ధుడి ముందు తీరిగ్గా కూర్చున్నాం. ఎన్ని నిమిషాలో చూసుకోలేదు.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే గోంగూర పంపు. ఇక నిశ్చింతగా నిద్రపో. నీ కూతురి గొంతు దాని దగ్గరే ఉంది. నేను విన్నాను, నారా అంతా విన్నది.

మీరిద్దరూ చల్లగా ఉండాలని కోరే
మీ అమ్మ,
రాజ్యలక్ష్మి