దారి తప్పనివాడి కప్పు

సైకిల్ క్లబ్బులో అందరూ "పంపు" అని పిలిచే నేను, ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన వాడిని, ఒంట్లో సత్తువ తగ్గినా మతి చెక్కు చెదరకుండా ఉండగా, ఒకరి బలవంతం గానీ ప్రలోభం గానీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరుగారు సర్టిఫికెట్ ఇచ్చారు. మా ఆవిడ ఇంకా ఇవ్వలేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మాయిది. లాయరుగారు మధ్యమధ్య "ఇవన్నీ వీలునామాలో ఎందుకండీ?" అని విసుక్కుంటున్నారు. అయినా రాస్తున్నారు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, ఇంట్లోని సామాను సమస్తం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఇందులో నేను కొత్తగా ఇచ్చేదేమీ లేదు. పెళ్ళయిన నాటి నుంచి అవన్నీ ఆవిడవే, నేను అద్దె కట్టకుండా ఉంటున్నానంతే.

2. నా సైకిలు మా అమ్మాయికి. హ్యాండిల్ ఎడమవైపు లాగుతుంది. బెల్లు మోగదు, అడ్డొచ్చినవాళ్ళని నోటితోనే తప్పుకోమనాలి. ఆ విషయంలో దానిది తల్లి పోలికే కాబట్టి నాకు దిగుల్లేదు. మా అల్లుడు మాత్రం ఆ సైకిలు మీద తడిబట్టలు ఆరెయ్యకూడదు. ఇది షరతు.

3. ఎర్ర ఉన్ని జెర్సీ టైలరుకి తిరిగి ఇచ్చెయ్యాలి. క్లబ్బు మొత్తానికీ జెర్సీలు కుట్టింది ఇతనే. ఒక్కొక్కరికీ కొలతలు తీసుకోవడం దండగని, తన ఒంటి కొలతతోనే అందరికీ కుట్టేశాడు. తనేమో గడకర్ర. మేమంతా ఏళ్ళ తరబడి ఊపిరి బిగబట్టి తొక్కాం. అడిగితే "బిగుతుగా ఉంటే గాలి అడ్డుకోదులే" అన్నాడు.

అయితే సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో రాసింది చెందదని లాయరుగారు చెప్పారు. టైలరు జెర్సీ వైపు ఒకసారి చూసి, పెన్ను ఇలా ఇవ్వమన్నాడు. కాబట్టి జెర్సీని ఏం చేస్తుందో మా అమ్మాయి ఇష్టం. రెండో సాక్షిగా వస్తానన్న సైకిలు షాపు మెకానిక్ ఇంకా రాలేదు.

4. ఇనప పంపు. ఏటా పెద్ద రేసులో చివర వచ్చినవాడు మరుసటి ఏడాదంతా అందరి కోసం పంపూ, పనిముట్ల సంచీ మోయాలన్నది క్లబ్బు ఆనవాయితీ. ఆ బరువుతో వాడు మళ్ళీ చివరే వస్తాడు, మళ్ళీ వాడే మోస్తాడు. నాకు ఆ పేరు అలా వచ్చిందే. ఈ ఏడాది చివర వచ్చినవాడికి పంపు అప్పగించి, అడుగున గాలి పోతుంది, వేలు అడ్డం పెట్టి కొట్టమని చెప్పాలి.

5. కప్పు. ఇది అసలు సంగతి.

క్లబ్బు కెప్టెను మా ఆవిడకి సొంత అన్న, అంటే నాకు బావ. అప్పటికింకా బావ కాలేదు. "తల ఎత్తకు, ముందువాడి చక్రం తప్ప ఇంకేం చూడకు" అని మాకు నూరిపోసింది ఆయనే. ముందువాడి వెనకే నక్కి తొక్కితే ఎదురుగాలి తగలదు. మంచి విద్యే.

ఆ ఏడాది పెద్ద రేసులో జోరున వాన. అందరికంటే ముందున్న కెప్టెనుకి, ఇంకా ముందు పసుపు రెయిన్‌కోటులో ఒకడు దూసుకుపోతూ కనిపించాడు. మాలోనే ఎవడో తనని దాటేశాడనుకుని ఈయన వాడి చక్రం పట్టాడు. ఈయన చక్రాన్ని ఇంకొకడు, వాడి చక్రాన్ని ఆ వెనకవాడు. తీరా ఆ పసుపు కోటు పోస్ట్‌మాన్‌ది. ఈ మందంతా తన సంచీ కోసమే తరుముతోందని ఆ పెద్దమనిషి ప్రాణాలు అరచేత పెట్టుకుని తొక్కాడు. అలా రేసు తిరగాల్సిన మలుపు దాటేసి, క్లబ్బు క్లబ్బంతా పోస్టాఫీసు వెనక పెరట్లో పార్సిళ్ళ మధ్య తేలింది.

పంపు మోస్తున్న నేను ఎంత వెనకున్నానంటే, చూడ్డానికి నా ముందు ఇంకొకరి చక్రమే లేదు. గత్యంతరం లేక రోడ్డు చూసుకుంటూ వెళ్ళాను. గెలుపు గీత దగ్గర కెప్టెను చెల్లెలు గొడుగు కింద జెండా పట్టుకుని ఒక్కతే నిలబడి ఉంది. అందరూ ప్రైజులు తీసుకుని ఇళ్ళకి పోయారనుకుని "ఆలస్యమైందండీ, ఏమీ అనుకోకండి" అన్నాను. ఆవిడ జెండా ఊపింది.

తర్వాత కెప్టెను వచ్చి "ఇదీ ఒక గెలుపేనా? రేసు రద్దు!" అని అరిచాడు. "ఊపిన జెండాని వెనక్కి ఊపలేను అన్నయ్యా. దారి తప్పింది మీరు, ఆయన కాదు" అంటూ చెల్లెలు కప్పు నా చేతిలో పెట్టింది. మరుసటి ఏడాది ఆవిడే మా ఇంటికొచ్చింది. కెప్టెనుకి రెండో సంగతి నచ్చింది గానీ మొదటిది ఇప్పటికీ మింగుడు పడలేదు.

అప్పటి నుంచి ఆయన నాతో నేరుగా మాట్లాడలేదు. ప్రతి ఆదివారం వస్తాడు, నా ఎదురుగానే కూర్చుంటాడు, "మీ ఆయన్ని ఆ పేపరు ఇటివ్వమను" అని చెల్లెలితో అంటాడు. నేనేమీ తక్కువ తినలేదు, "ముందు మీ అన్నయ్యని కళ్ళజోడు తుడుచుకోమను" అంటాను. మధ్యలో ఆవిడ బతుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అయిపోయింది.

కాబట్టి కెప్టెను క్లబ్బు సభ్యులందరి ముందూ నిలబడి "ఆ రేసు అతనే గెలిచాడు" అని చెప్తే కప్పు ఆయనకి ఇవ్వాలి. చెప్పకపోతే అది ఇప్పటిలాగే మా వంటింట్లో గరిటెలు పెట్టుకోవడానికి ఉండాలి.

6. పై షరతు రద్దు. అది నిన్న రాయించాను. ఇవాళ లాయరుగారు చదివి వినిపిస్తుంటే ఆసుపత్రి గుర్తొచ్చింది.

పోయిన నెల అక్కడ కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాను. కెప్టెను వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "మీ ఆయన్ని త్వరగా లేవమని చెప్పవే. ఆదివారాలు తోచి చావడం లేదు" అన్నాడు. ఒక కన్ను కొంచెం తెరిచి చూశాను. గదిలో మా ఆవిడ లేదు, మందులకని కిందికి వెళ్ళింది.

నాకు ఏడుపొచ్చింది. నిద్ర నటిస్తున్నాను కాబట్టి ఏడవడం కుదరలేదు. కప్పు ఏ షరతూ లేకుండా ఆయనకే చెందాలి. గెలిచానని చెప్పినా సరే, చెప్పకపోయినా సరే.

7. ఆఖరుగా, మా ఆవిడ ద్వారా కాకుండా నేరుగా ఆయనకే. బావా, ఈసారి ముందు వెళ్ళేది నేను. నీ పాత విద్య పెట్టి నా చక్రం పట్టుకుని వచ్చేయకు. తల ఎత్తి, రోడ్డు చూసుకుంటూ, నెమ్మదిగా రా. ఆదివారాలు మాత్రం మీ చెల్లెలి దగ్గరికి రావడం మానకు.

తేదీ: ఈ నెల రెండో ఆదివారం, పొద్దున్న.

(సంతకం) పంపు

సాక్షులు:

1. టైలరు

2. మెకానిక్ కోసం వదిలిన చోట, కెప్టెను. సాక్షి సంతకం పెడితే కప్పు నాకు రాదని లాయరు చెప్పాడు. తెలిసే పెడుతున్నాను. కప్పు గెలిచినవాడి ఇంట్లోనే ఉండాలి. బావా, ఆ పేపరు ఇటివ్వు.