పూజ చేసిన బోరు

నర్సీపట్నం, మంగళవారం

కొండ మీద మా డ్రిల్లింగ్‌లో ఇవాళ నీళ్లు పడ్డాయి. మాకు కావలసింది నీళ్లు కాదు, బాక్సైటు. రాతి నమూనా బయటికి తీశాక బోరును సిమెంటుతో మూసెయ్యాలి. ఆ సంగతి కొండ మీది ఊరివాళ్లకి ముందే చెప్పాను గానీ, బోరు బండిని చూసి నీళ్ల మీద ఆశ పెట్టుకోనిదెవరు?

బోరు పక్కనే ఇల్లున్న సన్యాసమ్మ పసుపూ కొబ్బరికాయా పట్టుకుని పరుగున వచ్చింది. "నీళ్లొచ్చీసినాయి బాబూ! ఇంక నీళ్లకి గెడ్డ కాడికి దిగక్కర్నేదు" అంటూ పైపుకి బొట్టు పెట్టి కాయ కొట్టింది. ఈ ఒక్క బోరూ ఊరికి వదిలేద్దామని ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలాను. కుదరదన్నారు. పైగా నమూనా బాగుందని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తగలెయ్య!

మధ్యాహ్నం సిమెంటు పోయిస్తుంటే ఆవిడ నా పక్కనే నిలబడింది.

"ఏటి బాబూ, మూసేస్తన్నారు? నా పూజలో ఏటైనా తప్పయిపోనాదా?"

"నీ తప్పు కాదమ్మా, మా రూలు" అన్నాను. నమ్మలేదు. కొబ్బరి చిప్ప ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఇదిగో, బల్ల మీదే ఉంది. తినలేను, పారెయ్యలేను.

రేపటి బోరు ఆవిడ పెరటి వెనకాలే. ఈసారి ఉపవాసముండి పూజ చేస్తుందట.