నీ చేపలూ, ఇవాళ్టి పిండమూ

అన్నా,

నీ బంగారు చేపలు రెండూ బాగున్నాయి. ముందు అదే చెప్పాలి, మా క్షేమం నువ్వు ఆ తర్వాతే అడుగుతావు. జిల్లా పెద్ద అధికారి తాలూకుదారు బదిలీ మీద పోతూ, తన తోటమాలివని నీకిచ్చిన గాజు తొట్టి ఇంకా మన కిటికీ పక్కనే ఉంది. బావినీళ్లు చేది, ఒక పూట నీడలో ఉంచాకే అందులో పోస్తున్నాను. చేపలు పీకేసిన నీటిమొక్కలను నీలాగే దారంతో రాళ్లకు కట్టి మళ్లీ నాటాను. కొత్త ఆకులు వచ్చాయి.

ఇవాళ నీ సంవత్సరీకం. పిండాన్ని నీళ్లలో చేపలకు వేయమన్నారు తంతు చేయించిన అయ్యగారు. ఈ ఎండలకు చెరువేమో నెర్రెలిచ్చింది. పెద్దనాయిన పిండం పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు.

"గీ తొట్ల నీళ్లున్నయి, చేపలున్నయి. ఇంకేం గావాలె?"

అంత అన్నం పడితే నీళ్లు కుళ్లి చేపలు చచ్చిపోతాయి. కానీ ఆయనకు ఎదురు చెప్పేదెలా?

అమ్మే అడ్డం వచ్చింది. "ఆగుండ్రి బావా! నీళ్లు ఖరాబైతే మా పోరడు ఊకుంటడా? కొట్లాడుతడు."

పెద్దనాయిన నవ్వేసి, పిండం ఆవుకు పెడదామన్నాడు. అమ్మ మాత్రం అందులోంచి ఒక్క మెతుకు తీసి, వేళ్లతో నలిపి తొట్టిలో వేసింది. పెద్ద చేప వచ్చి తినేసింది.

నువ్వున్నప్పుడు గుప్పెళ్లకొద్దీ అన్నం వేసి నీతో తిట్లు తిన్న మనిషి, ఇవాళ ఒక్క మెతుకు వేసి చెయ్యి కడుక్కుంది.

నీ చెల్లె