పాలు పొంగుతాయని చెప్పలేదు

స్వోర్డ్స్ ఊరు, మంగళవారం రాత్రి

మధ్యాహ్నం మూడున్నరకు పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ నోరా చేయి కాలింది. కెటిల్ నీళ్లు పోస్తే టీ కాదని, పాలల్లో మరగాలని పోయిన వారం ఆమెతో వాదించింది నేనే. ఇవాళ నాకోసం గిన్నెలో పాలు, టీపొడి పొయ్యి మీద పెట్టి కప్పులు తేవడానికి వెళ్లింది. కెటిల్ అయితే మరగగానే దానంతటదే ఆగిపోతుంది. తిరిగి పరుగెత్తుకొచ్చి, పొంగుతున్న గిన్నెను వట్టి చేత్తో పట్టుకుంది.

"ఏం కాలేదులే, గ్రాండ్. టీ ఎలా ఉందో చెప్పు," అంది, చేయి కుళాయి కింద పెట్టుకుని. ఇక్కడివాళ్లు గ్రాండ్ అంటే బాగానే ఉన్నానని.

బాగుందన్నాను. మాడు వాసన వచ్చింది.

నర్సు డ్యూటీ నుంచి వచ్చిన నా భార్య ఆమెకు కట్టు కట్టి, "పాలు పొంగుతాయని చెప్పలేదా మీరు?" అంది.

చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను, అసలు ముక్కే వదిలేశాను.

అమ్మను ఇక ఒంటరిగా ఉండనివ్వనని నోరా కూతురు ఫోన్ చేసింది. రేపు పదింటికి వచ్చి ఆమెను ములింగార్‌లోని తన ఇంటికి తీసుకెళ్తుంది.