తొడల నొప్పి తగ్గేదాకా

ఏవండీ,
ఊడుపులు చూడటానికి నేను చేలోకి వెళ్తున్నాను. వెనకాలే బండేసుకుని రాకండి. కొలెస్ట్రాల్ మాత్ర ఆపినా, దానివల్ల వచ్చిన తొడల నొప్పి పోవడానికి కొంతకాలం పడుతుందని ఏలూరు డాక్టరుగారు మీ ఎదుటే చెప్పారు. గుండెకేమవుతుందోనని ఆ మాత్రని మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. రక్తపరీక్ష చూశాక వేరేది రాస్తామన్నారుగా. ల్యాబువాళ్లు ఇంటికే వస్తారు. వాళ్లు వెళ్లాకే టిఫిన్ తినండి.

నిన్న మేడమెట్ల మీద కూలబడి, "చెప్పు తెగింది" అన్నారు. ఆ చెప్పు చూశాను, బాగానే ఉంది. నొప్పని నాతో అంటే చిన్నతనమా? ఈసారి పిలవండి. వచ్చి పక్కన కూర్చుంటాను.

ఉమ

మీరు లేకుండా కూలీల ముందు గట్టు మీద నిలబడటం నాకిదే మొదలు. కొంచెం భయంగా ఉంది. ఫోను దగ్గరే పెట్టుకోండి.