పై షీటు తీసేస్తే

లాల్‌దర్వాజా,
20-6-82

నా పుష్పకు,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకో. తిట్టిన నోటితోనే ఇది చదివి నవ్వుతావు. మన ఫ్యాక్టరీకి ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ అని కొత్త మెషిన్ వచ్చింది. గాజులాంటి ప్లాస్టిక్ షీటు మీద ఏది గీసి పెడితే అది గోడంత పెద్దగా కనిపిస్తుంది. ఆఫీసర్లంతా కొత్త కోడలిని చూడ్డానికి వచ్చినట్టు దాని చుట్టూ తిరుగుతున్నారు.

అసలు సంగతి విను. పనివేళల్లో పసివాళ్లను ఉంచే పిల్లల గది కోసం మన ఆడవాళ్లం పెట్టిన అర్జీ ఇన్నాళ్లకు కదిలింది. జనరల్ మేనేజర్ వాహెద్ సాబ్ మీటింగులో పది నిమిషాలు ఇస్తామన్నారు. ఆడవాళ్లు ముప్పై మందికి పైగా ఉంటేనే గది కట్టాలని చట్టమట. మనం ఇరవై ఆరుగురమే. అంటే ఆయన మనసు కరిగితేనే గది. మన సెక్షన్ ఆఫీసర్ పురుషోత్తం సార్ నన్ను పిలిచి, "స్లైడ్లు నువ్వే గియ్యి, నువ్వే చెప్పు కళావతీ. నీ రాత అచ్చుగుద్దినట్టు ఉంటది" అన్నారు. నేను పూరీలా ఉబ్బిపోయాను.

ఉబ్బిపోయి ఏం చేశాననుకున్నావు? ఒకే ఒక్క షీటు మీద ఫ్యాక్టరీ ప్లానంతా గీశాను. పక్కన గది కొలతలు, ఉయ్యాలల ఖర్చు, ఆయా జీతం, చట్టంలోని సెక్షను, మనందరి పేర్లు. డ్రాయింగులకు గీత పోకుండా నకలు దించే ట్రేసర్ని కదా, ఒక్క గీత వదిలేసినా పాపం చేసినట్టుంటుంది నాకు. ఇంటికి తెచ్చి, వాకిట్లో దండేనికి తెల్ల దుప్పటి వేసి, దాని మీద షీటు గుచ్చి, మా అత్తనూ పక్క వాటాలో ఉండే కుబ్రా ఆపానూ ఎదురుగా కూర్చోబెట్టాను.

కుబ్రా ఆపా కళ్లు చికిలించి, "యే క్యా హై కళావతీ? చీమల బారాత్ పోతున్నట్టున్నది!" అంది.

"గా చీమలల్ల పిల్లల గది ఏడున్నదే?" అంది అత్త.

చూపిద్దామని వెతికాను. గీసిన నాకే వెంటనే దొరకలేదు! ముగ్గురం పడీ పడీ నవ్వాం.

నవ్వాను గానీ, పుష్పా, ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు చెప్తున్నాను. గది రాకపోతే బోనాలు కాగానే ఉద్యోగం మానేస్తాను. మా ఆయన శివయ్యకు కూడా చెప్పలేదు. ఆయన పొద్దున పోతే బేగంబజార్‌లో గిన్నెల దుకాణం మూసేదాకా రాడు. మా పాపను అత్తే చూసుకుంటుంది, ఆమెకేమో చూపు ఆనడం లేదు. మొన్న పాప పాకుతూ మండే పొయ్యి దాకా పోయిందట. కుబ్రా ఆపా చూసి ఎత్తుకుంది కాబట్టి సరిపోయింది. నేను ఇంటికి వచ్చేసరికి అత్త మూలకు కూర్చుని, "నాతోని అయితలేదు బిడ్డా. పోరికి ఏమన్నయితే నేను బతుకుతనా?" అని ఒకటే ఏడుపు. ఆమెను ఏమనగలను? పెన్ను పట్టని బతుకు తలుచుకుంటే నాకూ ఏడుపొస్తుంది. అయినా అది పాప కంటే ఎక్కువ కాదు కదా.

నీ కళ


మెదక్,
27-6-82

మొండి కళకు,

మా ఆయన ఈ ఆదివారం ఇక్కడికి వచ్చినప్పుడు నీ ఉత్తరం చదివి వినిపించాను. చీమల బారాత్ దగ్గర ఆయనకు చాయ్ ముక్కుల్లోకి ఎక్కింది. చివరి భాగం మాత్రం వినిపించలేదు. అది నేనొక్కదాన్నే చదువుకున్నాను, రెండుసార్లు.

నేను మానేసిన రోజు క్యాంటీన్లో లడ్డూలు పంచాను, గుర్తుందా? సంతోషంగా పోతున్నాననుకున్నారు మీరంతా. 'మంచి తల్లి' అన్నారు. గేటు దాటి బస్టాపులో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను కళా. నా కొడుకు బంగారం, వాణ్ని చూసుకోవడం నాకు బాధ కాదు. కానీ ఒక్కరంటే ఒక్కరు 'ఉంటావా పుష్పా, ఏమన్నా దారి చూద్దామా' అని అడగలేదు. అడిగి ఉంటే ఉండేదాన్ని. ఒక జీతంతో పట్నంలో కిరాయి కట్టలేక మా అమ్మ ఇంట్లో ఇలా పడి ఉండేదాన్ని కాదు. ఇది నా మొగుడికి కూడా చెప్పలేదు.

ఇక నీ స్లైడు. నీకు బుద్ధి ఉందా? లేత్ మెషిన్ మీద పనిచేసే టర్నరుకు డ్రాయింగు ఇస్తున్నాననుకున్నావా? వాడు కాగితం ముందు పెట్టుకుని పొద్దంతా చూస్తాడు. వాహెద్ సాబ్ చాయ్ తాగుతూ చూస్తారు. గోడ మీద ఇన్ని సంగతులుంటే ఆయన చదువుకుంటూ కూర్చుంటారు, నీ మాట వినరు. షీటుకు ఒక్క సంగతి చాలు. ఖర్చులు, కొలతలు టైపు చేయించి చేతికివ్వు. ఆయనకు తెలియనిది ఏదో అది గీయి. పిల్లల కోసం మానేసిన మేం నలుగురం ఎటు పోయామో ఆయనకు తెలుసా అసలు?

మీ ఆగమ్మత్తను ఏమీ అనకు. ఆమెకు నా దండాలు.

తిట్టీ తిట్టీ అలసిపోయిన,
పుష్పమ్మ


లాల్‌దర్వాజా,
9-7-82

ఏమే పుష్పా!

నిలబడి చదువుతున్నావా? కూర్చో. మొన్న మీటింగయింది.

నీ తిట్లకు పాత షీటు తుడిచేసి కొత్తవి గీశాను. అడుగున పెట్టే షీటులో మన ట్రేసింగ్ సెక్షన్, ఐదు బల్లలు, ఐదు స్టూళ్లు. దాని మీద పెట్టే షీటులో మానేసిన మీరు నలుగురూ కూర్చుని పని చేసుకుంటున్నారు. ఆ పైన ఇంకో షీటు, అందులో నేనొక్కదాన్నే. ఒక్క అక్షరం లేదు. దండేనికి మూడూ కలిపి గుచ్చగానే అత్త బాగా దగ్గరికి వచ్చి చూసి, నేను అడగకముందే, "గిది మీ పుష్పమ్మ గాదానే? గా ముక్కు చూడు!" అంది. కోపం తెచ్చుకోకు. నీ ముక్కు కొంచెం పెద్దగానే గీశాను.

హాల్లో దీపాలు ఆర్పారు. మూడు షీట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టాను. గోడ మీద మనం ఐదుగురం. "ఇది మన ట్రేసింగ్ సెక్షన్ సార్" అన్నాను. వాహెద్ సాబ్ చాయ్ కప్పు పట్టుకుని, "వాహ్, మస్తు గీసినవ్" అని నవ్వారు.

అప్పుడు మీ షీటు లాగేశాను. నలుగురూ మాయం. ఖాళీ స్టూళ్ల మధ్య నేనొక్కదాన్నే మిగిలాను.

"అరే, వీళ్లంత ఏడికి పోయిన్రు?"

"ఇంటికి సార్. పిల్లల్ని చూసేటోళ్లు లేక. ఉంటరా అని ఎవ్వలు అడగలే. అడిగితే ఉండేదాన్నని పుష్పమ్మ ఇప్పుడు రాసింది."

నీ రహస్యం అందరి ముందూ చెప్పేశాను పుష్పా. నోరు ఆగలేదు. వచ్చే ఉత్తరంలో తిట్టు.

వాహెద్ సాబ్ కప్పు కింద పెట్టారు. "అందుకేనా డ్రాయింగులు నెలలకు నెలలు లేటయితున్నయి?" అని పురుషోత్తం సార్ వైపు తిరిగారు. మీ జాగాల్లో ఎవరినీ తీసుకోవద్దని పైనుంచి ఆర్డరుంది కదా, సార్ అవునన్నట్టు తలూపారు.

అంతటితో ఆపేసి కూర్చుంటే సరిపోయేది. నా షీటు వేరుగా గీసుకున్నానే గానీ, తీసే ధైర్యం వస్తుందనుకోలేదు. "ఇంకొకటి ఉన్నది సార్" అని నోట్లోంచి వచ్చేసింది. నన్ను నేనే తీసేశాను. గోడ మీద అన్నీ ఖాళీ స్టూళ్లే.

పురుషోత్తం సార్ లేచి నిలబడ్డారు. "కళావతీ, నువ్వు గూడానా? నాకు చెప్పనే చెప్పలేదేంది?"

"గది రాకుంటేనే సార్. బోనాలయినంక."

ఎవరో ఆఫీసరు కాగితాలు తిరగేస్తూ, "చట్టం ప్రకారం ఇరవై ఆరుగురికి..." అని మొదలుపెట్టాడు. వాహెద్ సాబ్ చెయ్యెత్తి ఆపారు. "చట్టం నాకెరుకే. బేటీ, గా కాగితం వాపస్ పెట్టు."

నా షీటు పెట్టాను. తొందరలో వంకరగా పడింది. గోడ మీద నేను స్టూలు వదిలేసి గాల్లో కూర్చున్నాను. హాలంతా నవ్వులు. ఆయనా నవ్వి, "ఒక్కదాన్నేనా? అందర్ని కూసోబెట్టు" అన్నారు.

కూర్చోబెట్టాను పుష్పా. మీ నలుగురూ వచ్చి ఎవరి జాగాల్లో వాళ్లు కూర్చున్నారు. నేను సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చేశాను. ఇంత సంతోషంగా ఎన్నడూ ఏడవలేదు.

పిల్లల గది కోసం క్యాంటీన్ పక్క స్టోరు గది ఖాళీ చేయిస్తున్నారు. వచ్చే నెల నుంచి పాప నాతోనే ఫ్యాక్టరీ బస్సెక్కుతుంది. శివయ్యకు చెప్తే, "పెండ్లాం మనసుల మాట మొగనికి చెప్పకుండ గోడకు చెప్పినవా?" అని అలిగాడు. మర్నాడు పిల్లల గదికని బుట్టెడు స్టీలు గ్లాసులు మోసుకొచ్చాడు. అత్తకేమో పట్టలేని సంతోషం, దాని వెనకే దిగులు. "ఇగ పొద్దుందాక నేనేం చెయ్యాలె?" అంటుంది. "నాతోని లొల్లి పెట్టుకో" అంది కుబ్రా ఆపా.

ఇక నీ సంగతి. దీపాలు వేశాక వాహెద్ సాబ్ నా దగ్గరకు వచ్చి, షీటు మీద నీ బొమ్మ చూపించి, "ఈమె మళ్ల వస్తదా?" అని అడిగారు. ఖాళీ పోస్టుల కోసం పైకి రాస్తారట. ఆర్డరు వస్తుందో రాదో నాకు తెలియదు, ఉత్త ఆశ పెట్టను. నువ్వు వస్తావని నీ తరఫున చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. నిన్ను అడగకుండా నీ సంగతి తేల్చడం ఒకసారి అయింది, చాలు.

అడుగుతున్నానే పుష్పా. వస్తావా?

నీ జవాబు కోసం పోస్ట్‌మ్యాన్‌ను సతాయిస్తున్న,
కళావతి