తడిసిన చెయ్యి

శనివారం, రాత్రి.

కట్టుకున్నవాడి మీద నాకింత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

పొద్దున్నే నేనూ, శ్రీధర్, మా పాపా మేముండే క్లైడ్ నార్త్ నుంచి బయలుదేరి అడవిలో జలపాతం చూడ్డానికి వెళ్ళాం. నీళ్ళ పక్కనే ఎవరో పడేసిపోయిన డైపర్ చూసి మొహం తిప్పుకున్నాను. పరాయివాళ్ళ పని కదా అని సరిపెట్టుకున్నాను.

అక్కడినుంచి కొండెక్కితే ఒక రాతి గుహ. గోడ మీద వేల ఏళ్ళ కిందట ఇక్కడి ఆదివాసులు వేసిన ఎర్రమట్టి చేతి ముద్ర. ముట్టుకోవద్దని బోర్డు కూడా ఉంది. శ్రీధర్ ఫోన్‌లో చూసి, "డల్‌గా వస్తోందే, తడిపితే బ్రైట్‌గా కనపడుద్ది" అంటూ సీసాలో నీళ్ళు దాని మీద చిమ్మాడు. ఎర్రటి చార ఒకటి కిందికి జారింది.

"అయ్యో, వద్దండీ!" అన్నాను.

"నీళ్ళే కదే, ఆరిపోతాయ్‌లే" అని నవ్వి ఫొటో తీసుకున్నాడు. పాప "డాడ్, స్టాప్ ఇట్!" అని ఏడుపు మొహం పెట్టింది.

ఇంటికొచ్చాక పాప కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చి వీధి తలుపు పక్క గోడకు ఆనుకుంది. గృహప్రవేశం రోజు గడపకు పసుపు రాసి లేస్తూ అత్తగారు ఆనించిన పసుపు చేతి ముద్ర అక్కడే ఉంది. ఆవిడ పోయాక ఆ గోడకు రంగు కూడా వేయనివ్వలేదు శ్రీధర్.

"తడి చెయ్యి తియ్యి! నానమ్మది అది, చెరిగిపోద్ది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, కర్చీఫ్‌తో మెల్లగా అద్దడం మొదలుపెట్టాడు.

"నీళ్ళే కదండీ, ఆరిపోతాయ్‌లే" అన్నాను.

శ్రీధర్ అద్దుతూనే ఉన్నాడు.